మూత్రాశయం నొప్పికి ఫిజియోథెరపీ: కూకట్‌పల్లిలో నేను వెళ్తున్న క్లినిక్

ఇది ఆడవాళ్ళకు మాత్రమే పెల్విక్ ఫిజియోథెరపీ, అంటే మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కటి అడుగు కండరాలకు చికిత్స, చేసే చిన్న క్లినిక్. ఉన్నవి రెండే గదులు. ఒకటి ఫిజియో మేడంది, రెండోదాంట్లో వారానికి రెండు రోజులు సైకాలజిస్ట్ కూర్చుంటారు. నాలాంటి బాధతో వెతుక్కునేవాళ్ళకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

నా జబ్బు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా అంటారు. మూత్రం నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి, మంట పెరుగుతాయి. వెళ్ళొస్తే కాస్త నెమ్మదిస్తుంది, అరగంట తిరక్కుండా మళ్ళీ మొదలు. కల్చర్ చేయించినప్పుడల్లా ఇన్‌ఫెక్షన్ లేదనే వచ్చేది. అయినా ప్రతి చోటా యాంటీబయాటిక్సే రాసిచ్చేవాళ్ళు. ఇంట్లో అత్తయ్య వేడి చేసిందని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు పట్టించేవారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఒక్క పీరియడ్ నిలబడటమే గండంగా ఉండేది. చివరికి ఒక యూరాలజిస్ట్ సిస్టోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేసి, ఈ జబ్బులో కొందరికి కనిపించే హన్నర్ పుండ్లు లోపల లేవని తేల్చి, రాత్రిపూటకి అమిట్రిప్టిలిన్ అనే నొప్పి తగ్గించే మాత్ర చిన్న డోసు రాశారు. "కింది కండరాలు బాగా బిగిసిపోయాయమ్మా, ముందు ఫిజియోకి వెళ్ళండి" అని ఇక్కడికి పంపారు.

మొదటి రోజు గంటకు పైగా మాట్లాడారు. తర్వాత మూడు రోజులు డైరీ రాయమని కొలత కప్పు చేతిలో పెట్టారు: ఎన్నింటికి వెళ్ళాను, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, ఏం తాగాను, నొప్పి పదికి ఎంత. పెద్దవాళ్ళ మూత్రాశయం మామూలుగా 300 నుంచి 500 మి.లీ. దాకా పడుతుందట. నాది నూరు దాటడమే కష్టంగా ఉండేది.

యోని ద్వారా చేసే లోపలి పరీక్ష గురించి చాలామందికి భయం ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఏం చేస్తారో ముందే బొమ్మ పెట్టి చూపించారు. నేను సరేనన్నాకే మొదలుపెట్టారు, వద్దంటే ఏ క్షణమైనా ఆపేస్తామన్నారు. దుప్పటి కప్పి, గ్లవ్ వేసుకుని, ఒకే ఒక్క వేలితో. కుడి పక్కన ఒక చోట మెల్లగా నొక్కగానే అచ్చం నాకు రోజూ వచ్చే నొప్పే వచ్చింది, ఇప్పుడే పరిగెత్తాలన్న తొందరతో సహా. "ఇది బ్లాడర్ కాదు మేడం, తుంటి దగ్గరి కండరం" అన్నారావిడ. వేలు అక్కడే కదపకుండా ఉంచి, పొట్ట పైకి లేచేలా ఊపిరి తీయమన్నారు. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రం కిందికి దిగుతుంది, దాంతోపాటే కటి అడుగు కండరాలూ వదులవుతాయి. కాసేపటికి ఆ వేలి కింద తాడులా గట్టిగా ఉన్నది మెత్తబడటం నాకే తెలిసింది. నాకు ఏడుపొచ్చేసింది. లోపలేదో పుచ్చిపోతోందని ఏళ్ళ తరబడి భయపడింది ఆ చోటు గురించే.

అంతకుముందు ఇంకో చోట నాకు కెగెల్ వ్యాయామాలు (కటి అడుగు కండరాలను బిగించి వదిలేవి) చేయమని కాగితం ఇచ్చి పంపారు. ఈవిడ అది చూసిన వెంటనే ఆపించారు. ముందే బిగిసి ఉన్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా ఈ జబ్బుకి కెగెల్స్ వద్దనే అంటాయి, చేత్తో కండరాన్ని వదులు చేసే చికిత్స చేయమంటాయి. 2012లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో 81 మంది ఆడవాళ్ళలో కొందరికి ఈ చికిత్స, కొందరికి ఒళ్ళంతా మామూలు మసాజ్ చేశారు. చెప్పుకోదగ్గంత తగ్గిందన్నవాళ్ళు మొదటి గుంపులో 59 శాతం, మసాజ్ గుంపులో 26 శాతం. అందరికీ తగ్గదు, కానీ ఆ తేడా చిన్నదేమీ కాదు.

సైకాలజిస్ట్ దగ్గరికి పంపితే నొప్పి ఊహే అంటున్నారని అనుకోకండి. ఆవిడ మొదటి మాటే "మీ నొప్పి నిజం" అని. ఏళ్ళుగా నొప్పి ఉంటే నరాలు చిన్న కదలికకీ గట్టిగా స్పందిస్తాయి. భయపడితే కండరం బిగుస్తుంది, బిగిస్తే నొప్పి. ఆ ముడి ఒక్కో చోట విప్పుకుంటూ వచ్చారు. తొందర రాగానే లేచి పరిగెత్తొద్దు, కూర్చుని, దవడ వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి తీసి, ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు నడిచి వెళ్ళమన్నారు. ఆ ఐదూ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. నాకు అన్నిటికన్నా భయం ఇంటర్ పరీక్షల ఇన్విజిలేషన్, మూడు గంటలు గది వదలకూడదు కదా. ఏమవుతుందని భయమో రాయించి, మధ్యలో రిలీవర్ కావాలని చీఫ్ సూపరింటెండెంట్‌ని ముందే ఎలా అడగాలో నాతో మాట్లాడించి చూశారు. అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మార్చిలో డ్యూటీలన్నీ చేశాను.

భార్యాభర్తల మధ్య నొప్పి గురించి కూడా ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడొచ్చు. మా ఆయన్ని ఒకసారి కూర్చోబెట్టి వివరించారు, ఇంట్లో అది చాలా పనిచేసింది.

తిండి విషయంలో అన్నీ మానేయమనలేదు. కాఫీ, టీ, నిమ్మ, టమాటా, కారం కొన్నాళ్ళు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడమన్నారు. నాకు పడనివి టీ, టమాటా. చింతపండు చారు మాత్రం పడుతోంది.

ఇక ఇబ్బందులు. లిఫ్ట్ లేదు. బాత్రూం ఒక్కటే, అదీ పక్కనున్న డెంటల్ క్లినిక్‌తో కలిపి. మూత్రం సమస్యతో వచ్చేవాళ్ళని ఆ తలుపు ముందు నిలబెట్టడం అస్సలు బాగోలేదు, వెంటనే మార్చాలి. రిసెప్షన్‌లో అందరి ముందూ "ఏం ప్రాబ్లం అండీ" అని గట్టిగా అడుగుతారు, ఒక ఫారం ఇస్తే సరిపోయేది. నా ఇన్సూరెన్స్ ఈ ఖర్చు ఇవ్వలేదు, ఫీజులన్నీ చేతి నుంచే.

నొప్పి పూర్తిగా పోలేదు. నెలసరి ముందు, నిద్ర చాలనప్పుడు ఇంకా వస్తుంది, మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. కానీ రాత్రి నిద్ర పడుతోంది, క్లాసు మధ్యలో బయటికి రావట్లేదు. జ్వరం ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా ముందు డాక్టర్‌కి చూపించుకోండి, ఇక్కడికి తర్వాత రావచ్చు. సైకాలజిస్ట్ కూడా కావాలంటే ఫిజియో అపాయింట్‌మెంట్‌తో పాటే అడగండి, విడిగా అడిగితే దొరకడం కష్టం.