స్కూల్ లైబ్రరీలో సీడీ డ్రైవ్ షేరింగ్: పద్దెనిమిదేళ్లు వాడిన అనుభవం

1999లో తిరుపతిలోని ఒక స్కూల్లో లైబ్రేరియన్‌గా చేరినప్పుడు పుస్తకాలతో పాటు 38 సీడీలు కూడా లెక్కపెట్టి నాకు అప్పగించారు. ఎన్‌సైక్లోపీడియాలు, ఒక అట్లాస్, మాట మీద నొక్కితే పలికి వినిపించే ఇంగ్లీషు డిక్షనరీ, మానవ శరీరం గురించి రెండు, పదో తరగతి ఫిజిక్స్ పాఠాల వీడియో సీడీలు కొన్ని. అన్నీ బీరువాలో, తాళం వేసి. పిల్లలు అద్దంలోంచి అట్టలు చూసి వెళ్లేవాళ్లు.

లైబ్రరీలో ఆరు కంప్యూటర్లుంటే సీడీ డ్రైవ్ ఉన్నది ఒక్కదానికే. మధ్యాహ్నం నలభై నిమిషాలు, సాయంత్రం అరగంట, అంతే టైము. రేణిగుంట, చంద్రగిరి పిల్లలకు బస్సు అందాలి కాబట్టి వాళ్లకు సాయంత్రం కూడా లేనట్టే. వరసలో నిలబడితే వంతు వచ్చేలోపే బెల్లు కొట్టేసేది. అది చూడలేకే ఆ ఒక్క డ్రైవ్‌ను మిగతా అయిదు కంప్యూటర్లకూ పంచుదామని మొదలుపెట్టాం. 2017 దాకా ఏదో ఒక రూపంలో వాడుతూనే ఉన్నాం. చాలా స్కూళ్ల బీరువాల్లో ఇప్పటికీ ఇలాంటి సీడీలు పడి ఉన్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డ్రైవ్‌ను నేరుగా పంచిన నాలుగేళ్లు అవస్థపడ్డాం. సీడీలను హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి పంచాక పద్నాలుగేళ్లు హాయిగా వాడుకున్నాం. నా సమీక్ష అంతా ఈ తేడా గురించే.

మొదట మా కంప్యూటర్లను కలిపింది టీవీ కేబుల్‌లా ఉండే సన్నటి నల్ల కోయాక్సియల్ తీగ. ప్రతి కంప్యూటర్ వెనకా టీ ఆకారపు కనెక్టర్, వరసకు రెండు చివర్లా టెర్మినేటర్ అనే 50 ఓమ్‌ల మూత. ఆ తీగను 185 మీటర్ల దాకా లాగొచ్చు, మాకు పాతిక మీటర్లు సరిపోయింది. చిక్కల్లా ఒకటే: ఎక్కడ ఒక్క కనెక్టర్ వదులైనా ఆరు కంప్యూటర్లకూ నెట్‌వర్క్ ఒకేసారి పోతుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా చాలు. మా అటెండర్ పెద్దాయన రోజూ పొద్దున్నే వంగి ఒక్కో కనెక్టర్నీ తిప్పి చూసి, "అన్నీ బిగువుగా ఉండాయి అమ్మణ్ణీ" అనేవాడు. ఆ మాట విన్నాకే నేను స్విచ్ వేసేదాన్ని. 2001లో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి, రిచీ స్ట్రీట్‌లో హబ్ (ప్రతి కంప్యూటర్ కేబులూ విడిగా వచ్చి కలిసే పెట్టె), కొత్త కేబుళ్లు తెచ్చుకున్నాం. ఒక కేబుల్ ఊడితే ఒక్క కంప్యూటరే ఆగడం మాకు పెద్ద సుఖం అనిపించింది.

షేర్ చేయడం తేలికే. విండోస్ 98లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి, షేరింగ్‌లోకి వెళ్లి, ఒక పేరు ఇస్తే పని అయిపోతుంది. మిగతా కంప్యూటర్లలో దాన్ని ఒక అక్షరానికి మ్యాప్ చేయాలి, అంటే సొంత డ్రైవ్‌లా కనిపించేలా దానికి ఒక అక్షరం ఇవ్వాలి. ఇక్కడే మేము ఒక నెల పోగొట్టుకున్నాం. ఒక కంప్యూటర్లో డీ, ఇంకోదాంట్లో ఈ, ఇలా ఖాళీగా ఉన్న అక్షరం ఇచ్చుకుంటూ పోయాం. చాలా సీడీ ప్రోగ్రాములు ఏ అక్షరం నుంచి ఇన్‌స్టాల్ అయ్యాయో గుర్తుపెట్టుకుని, తర్వాత కూడా అక్కడే వెతుకుతాయి. అక్షరం మారితే సీడీ లేదంటాయి. చివరికి అన్ని కంప్యూటర్లలోనూ ఆర్ అనే అక్షరమే పెట్టాక ఆ గొడవ తీరింది.

అసలు ఇబ్బంది ఇద్దరు పిల్లలు ఒకేసారి కూర్చున్నప్పుడు బయటపడింది. డ్రైవ్ మీద 24ఎక్స్ అని ఉండేది. సీడీల లెక్కలో ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు, అంటే 24ఎక్స్‌కు గరిష్ఠంగా 3,600 కిలోబైట్లు. మా నెట్‌వర్క్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు, అందులో బాగా నడిచిన రోజున సెకనుకు ఒక మెగాబైట్, అంటే సుమారు 1,000 కిలోబైట్లు వెళ్తుంది. కాగితం మీద చూస్తే డ్రైవే వేగంగా ఉంది, ఆరుగురికీ పంచినా చాలాలి. కానీ ఆ 24ఎక్స్ వేగం ఒకే ఫైలును వరసగా చదువుకుంటూ పోయినప్పటి మాట. ఒకమ్మాయి గుండె పనిచేసే విధానం చూస్తూ, పక్కనున్న అబ్బాయి అదే సీడీలో ఊపిరితిత్తులు తెరిచాడనుకోండి, లెన్స్ లోపలికీ బయటికీ పరిగెత్తాల్సి వస్తుంది. అలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడానికి సీడీ డ్రైవ్‌కు సెకనులో పదో వంతు దాకా పడుతుంది. హార్డ్ డిస్క్‌కు అందులో పదో వంతు చాలు. ముగ్గురు కూర్చుంటే డ్రైవ్ చదివే టైము కన్నా జరిగే టైమే ఎక్కువైపోయేది. "మేడమ్, గుండె సగమే వచ్చింది" అని ఆ పాప పిలిచిన పిలుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తను చంద్రగిరి పాప. ఆ రోజు మిగతా సగం చూడకుండానే బస్సుకు వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది.

వీడియో సీడీలతోనూ ఇదే కథ. ఒక్కరు చూస్తే చక్కగా నడిచేది, ఎందుకంటే దానికి ఒక ఎక్స్ వేగం చాలు. అదే సీడీని మరొకరు వేరే చోట నుంచి మొదలుపెడితే ఇద్దరికీ బొమ్మ ఆగి ఆగి కదిలేది.

ఇక ఎజెక్ట్ బటన్. ఇతర కంప్యూటర్లలో పిల్లలు చదువుతుండగా ఎవరో బటన్ నొక్కి సీడీ తీసేస్తే, ఆ సీడీ మళ్లీ పెట్టమని నీలం స్క్రీన్ వచ్చేది. బటన్ మీద ఖాకీ రంగు టేపు అంటించాం. డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌ను నా టేబుల్ పక్కకు మార్చి, ఉన్న ఒక్క యూపీఎస్‌నూ దానికే ఇచ్చాం. అది ఆగితే అందరికీ ఆగినట్టే కదా.

2002లో ఆ డ్రైవ్ అరిగిపోతే 52ఎక్స్ డ్రైవ్ పెట్టించాం. ఆ వేగంలో సీడీ నిమిషానికి దాదాపు 10,000 సార్లు తిరుగుతుంది. మధ్య చిల్లు దగ్గర వెంట్రుకంత పగులున్న సీడీ ఒకటి నేను చూసుకోకుండా పెట్టాను. పెద్ద చప్పుడుతో లోపలే ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ అట్లాస్ పోయింది, డ్రైవ్ పోయింది. మళ్లీ కొత్త అట్లాస్ కొనడానికి ఏడాది పట్టింది. అప్పటినుంచి ప్రతి సీడీనీ వెలుతురుకు ఎత్తి చూసి గానీ పెట్టలేదు. ఇంకో సంగతి, సీడీకి అట్ట బొమ్మ ఉన్నవైపే ఎక్కువ సున్నితం. సమాచారం ఉన్న పొర ఆ పూతకు సరిగ్గా కిందే ఉంటుంది. అడుగువైపు మిల్లీమీటరుకు పైగా మందం ప్లాస్టిక్ రక్షణగా ఉంటుంది. బొమ్మవైపు బాల్‌పెన్‌తో నంబరు రాయడం వల్లే మా సీడీలు రెండు పాడయ్యాయి.

2003లో మా పాత విద్యార్థి ఒకడు, అప్పుడు ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్నాడు, సెలవుల్లో వచ్చి మూలన పడేసిన పెంటియం కంప్యూటర్‌లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాన్ని మా సర్వర్‌గా చేశాడు. 20 జీబీ హార్డ్ డిస్క్. ఒక్కో సీడీని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా (ఇమేజ్ ఫైలు) తీసి, దాన్ని లూప్ పద్ధతిలో మౌంట్ చేసి, అంటే నిజమైన సీడీలా తెరిచి, విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు అందించే సాంబా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా పంచాలి. సీడీ నిండుగా ఉంటే 650 మెగాబైట్లు, అంటే 30 దాకా పడతాయి. మావాటిలో సగం నిండనివి ఎక్కువ కాబట్టి అన్నీ పట్టాయి. ఎనిమిది సీడీలు చక్కగా ఎక్కాయి, తొమ్మిదోది ససేమిరా అంది. రెండు రోజులు తల పట్టుకున్నాం. లైనక్స్‌లో లూప్‌ల సంఖ్య మామూలుగా ఎనిమిదే ఉంటుందనీ, సెట్టింగ్‌లో పెంచుకోవాలనీ తెలిశాక 64 పెట్టాడు. "శభాష్ నైనా" అన్నాను. ఆ సాయంత్రం ఆరు కంప్యూటర్లలో ఆరు వేర్వేరు సీడీలు తెరిచి చూశాం. చప్పుడు లేదు, ఆగడం లేదు. బీరువాకు తాళం ఉన్నా సీడీలన్నీ పిల్లల ముందే ఉన్నాయి.

అన్నీ నడిచాయని చెప్పను. పాటల సీడీలు ఇలా పంచడం కుదరదు, వాటిలో ఉన్నవి మామూలు ఫైళ్లు కావు. కొన్ని ప్రోగ్రాములు తాము నిజమైన సీడీ డ్రైవ్‌లోనే ఉన్నామా అని చూసుకుని, నెట్‌వర్క్ డ్రైవ్ అయితే తెరుచుకోవు. అలాంటివాటికి ప్రతి కంప్యూటర్లో, లేని డ్రైవ్‌ను ఉన్నట్టు చూపించే వర్చువల్ సీడీ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ వేసి, సర్వర్‌లోని ఇమేజ్ ఫైలును దానికి చూపించాం. నాలుగు సీడీలు అప్పటికీ మొరాయించాయి. వాటిని పాత పద్ధతిలోనే నా టేబుల్ దగ్గర చూపించేదాన్ని.

లైసెన్స్ గురించి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ డబ్బిచ్చి కొన్న ప్రోగ్రామ్‌కు బ్యాకప్ తీసుకోనిస్తుంది. ఒక్కరి కోసం కొన్నదాన్ని ఆరుగురు ఒకేసారి వాడటానికి మాత్రం అది అనుమతి కాదు. సాంబాలో ఒక్కో షేర్‌కు ఒకేసారి ఎంతమంది రావచ్చో పరిమితి పెట్టవచ్చు. నెట్‌వర్క్ అనుమతి లేని సీడీలన్నిటికీ ఒక్కరే అని పెట్టాను. రెండో పాప అదే సీడీ అడిగితే కాసేపు ఆగాల్సి వచ్చేది. అయినా అదే సరైన పని అని నా నమ్మకం.

2009లో మైక్రోసాఫ్ట్ తన ఎన్‌సైక్లోపీడియా ఎన్‌కార్టాను ఆపేసింది. 2014 జూన్ తర్వాత మా అట్లాస్‌లో రాష్ట్రం పటం పాతదైపోయింది. ఇంటర్నెట్ వచ్చాక పెద్ద పిల్లలు అటు వెళ్లారు, చిన్న తరగతుల పిల్లలు మాత్రం సీడీలే అడిగేవాళ్లు. ప్రకటనలు లేవు, ఇంకెక్కడికో తప్పిపోవడం లేదు.

2017 చివర్లో కొత్తగా వచ్చిన విండోస్ 10 కంప్యూటర్లకు మా సర్వర్ కనిపించలేదు. 1709 అనే వెర్షన్ నుంచి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత ఎస్ఎంబీ 1 పద్ధతి (మా సర్వర్ వాడేది అదే) వాటిలో ముందుగా ఉండదు. భద్రత కోసం తీసేసినదాన్ని మళ్లీ ఆన్ చేయడం నాకు ఇష్టం లేక, ఇమేజ్ ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి, అక్కడి నుంచి ప్రతి కంప్యూటర్‌లోకి మార్చాను. డబుల్ క్లిక్ కొడితే విండోస్ 10 తానే వాటిని సీడీలా తెరుస్తుంది. ఒకేసారి ఒక్కరే వాడాల్సిన సీడీలను మాత్రం ఒక్కో కంప్యూటర్‌లోనే ఉంచాను. మానవ శరీరం సీడీలోది పాత 16 బిట్ ప్రోగ్రామ్, 64 బిట్ విండోస్‌లో అది నడవదు. దానికోసం ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను, ఇంటర్నెట్‌కు కలపకుండా, కిటికీ పక్కన ఉంచాను. ఎనిమిదో తరగతి పిల్లలు వచ్చినప్పుడు దాంట్లో గుండెను మొత్తం చూపిస్తాను.