బెర్గీజెలా, హోల్మెన్‌కోలెనా: ఒక్కటే చూడాలంటే ఏది మేలు?

చదువుకో ఉద్యోగానికో యూరప్‌లో ఉంటూ, ఒక్కసారైనా స్కీ జంపింగ్ (మంచు వాలు మీంచి స్కీలతో జారి గాల్లోకి ఎగిరే ఆట) దగ్గర నుంచి చూడాలనుకునేవాళ్లకు ఎక్కువగా వినిపించే జంపింగ్ కొండల పేర్లలో రెండు ఇవి. ఒకటి ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ ఊరి అంచున ఉన్న బెర్గీజెల్, రెండోది నార్వే రాజధాని ఓస్లో పైన కొండమీద ఉన్న హోల్మెన్‌కోలెన్. రెండూ ఒలింపిక్స్ జరిగిన చోట్లే, రెండూ ఖరీదైన ఊళ్లే. నా ఓటు బెర్గీజెల్‌కి.

కొలతలు చూసి తేల్చుకుందామంటే కుదరదు. రెండింటికీ కె-పాయింట్, అంటే పాయింట్లు లెక్కకట్టడానికి ప్రమాణంగా పెట్టుకున్న దూరం, 120 మీటర్లే. అక్కడిదాకా ఎగిరితే దూరానికి 60 పాయింట్లు. ఆపైన మీటరుకు 1.8 కలుస్తాయి, తగ్గితే అదే లెక్కన కోత. దూరమే కావాలంటే ఈ రెండూ వదిలేసి స్లొవేనియాలోని ప్లానిత్సాకి వెళ్లడం నయం. అక్కడ 200 మీటర్లు దాటడం మామూలే.

చరిత్రలో మాత్రం హోల్మెన్‌కోలెన్‌దే పైచేయి. అక్కడ 1892 నుంచి పోటీలు జరుగుతున్నాయి. తర్వాత రాజైన ఒలావ్, యువరాజుగా ఉన్నప్పుడు 1922లోనూ 1923లోనూ స్వయంగా పోటీలో దిగి దూకాడు. యువరాజు అంత ఎత్తు నుంచి దూకుతుంటే కింద సిబ్బందికి ఎంత టెన్షన్ పట్టుకుందో! 1952 ఒలింపిక్స్‌లో అక్కడి స్కీ జంపింగ్ పోటీకి లక్షకు పైగా జనం వచ్చారు. పాతది కూల్చేసి, ఇప్పుడున్న ఉక్కు కట్టడాన్ని 2010లో తెరిచారు. తొలి జంప్ ఎవరు చేయాలని జనాన్ని అడిగితే మహిళా జంపర్ అనెటె సాగెన్‌ని ఎన్నుకున్నారు. అప్పటికి ఆడవాళ్ల స్కీ జంపింగ్‌కి ఒలింపిక్స్‌లో చోటే లేదు, అది 2014లో గానీ రాలేదు. తీరా చూస్తే ముందురోజు రాత్రే ఒక మగ జంపర్ చేత గుట్టుగా దూకించారని బయటపడి పెద్ద రగడ అయింది.

బెర్గీజెల్‌లో 1964, 1976 ఒలింపిక్స్ జరిగాయి. శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తొలిసారి పాల్గొన్నది ఆ 1964 ఇన్స్‌బ్రుక్ క్రీడల్లోనే, స్కీ జంపింగ్‌లో కాదులెండి. ఇప్పటి టవర్ ఆర్కిటెక్ట్ జాహా హదీద్ డిజైన్, 2002లో పూర్తయింది. ఎత్తు సుమారు 50 మీటర్లు. కింది నుంచి చూస్తే పడగెత్తిన నాగుపామే. ఆ పడగలో కెఫే ఉంది, లిఫ్టులో వెళ్లొచ్చు.

అక్కడి నుంచి చూస్తే ఈ ఆట ఏమిటో అర్థమవుతుంది. ఆటగాడు ట్రాక్ పైన అడ్డంగా ఉండే కడ్డీ మీద కూర్చుని కోచ్ జెండా ఊపేదాకా ఎదురుచూస్తాడు. అతని కళ్ల ముందు కిందికి జారిపోయే ట్రాక్, గిన్నెలాంటి స్టేడియం, దానికి సూటిగా అవతల విల్టెన్ చర్చి, శ్మశానం! గంటకు 90 కిలోమీటర్ల వేగంతో గాల్లోకి లేవబోయే మనిషికి కనిపించేది అదీ. హోల్మెన్‌కోలెన్ పైనుంచి ఓస్లో, సముద్రపు పాయ అందంగానే కనిపిస్తాయి, కానీ కడుపులో ఆ కుదుపు ఉండదు.

ఇంకో లాభం కూడా ఉంది. బెర్గీజెల్‌లో ప్లాస్టిక్ మ్యాట్లు పరుస్తారు కాబట్టి ఎండాకాలంలోనూ ప్రాక్టీస్ నడుస్తుంది. అదృష్టం బాగుంటే కాఫీ తాగుతూ చూడొచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు, వానలో చిక్కుకున్నవాళ్లకు మాత్రం హోల్మెన్‌కోలెనే నయం. అక్కడ 1923 నాటి స్కీ మ్యూజియం ఉంది, ప్రపంచంలో ఇదే మొదటిది. వెళ్లడానికి ఓస్లోలో ఒకటో నంబర్ మెట్రో, ఇన్స్‌బ్రుక్‌లో ఒకటో నంబర్ ట్రామ్ ఎక్కితే చాలు.

బెర్గీజెల్‌కి ఉన్న పెద్ద లోపం గాలి. ఆల్ప్స్ కొండల మీంచి దిగే, ‘ఫోన్’ (föhn) అని పిలిచే వెచ్చటి గాలి లేచిందంటే పోటీ ఆగాల్సిందే. హోల్మెన్‌కోలెన్‌లో గాలిని ఆపే తెరలు కట్టడంలోనే కలిపారు, అయినా అక్కడ పొగమంచు బెడద తప్పలేదు. ఏటా జర్మనీ, ఆస్ట్రియాల్లోని నాలుగు కొండల మీద జరిగే ఫోర్ హిల్స్ టోర్నమెంట్‌లో మూడో పోటీ జనవరి మొదటివారంలో బెర్గీజెల్‌లో జరుగుతుంది. 2022లో గాలి వల్ల దాన్ని ఆస్ట్రియాలోనే ఇంకో ఊరు బిషోఫ్స్‌హోఫెన్‌కి మార్చేశారు. అందుకని ఆ పోటీకి వెళ్లేవాళ్లు తిరుగు టికెట్టు మర్నాటికే పెట్టుకోకండి.