పళ్ల సెట్టుతో భోజనం: ఎనిమిదేళ్లు దాటిన వాడకం తర్వాత నా అభిప్రాయం

నేను 2016 నుంచి పైనా కిందా పూర్తి పళ్ల సెట్టు వాడుతున్నాను. విజయనగరంలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి, విరమణ తర్వాత కూడా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ఇంటి వంట ఇప్పటికీ నా చేతిమీదుగానే జరుగుతుంది కాబట్టి, ఏ పదార్థం ఈ సెట్టుకు లొంగుతుందో, ఏది లొంగదో రోజూ చూస్తూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పై సెట్టును నమ్మవచ్చు. కింది సెట్టుతో మాత్రం ప్రతి పూటా సర్దుకుపోవాలి. హాయిగా తినడమన్నది సెట్టు ఎంత బాగా కుదిరిందన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, కూర ముక్క తరిగే తీరు మీద, దాన్ని నమిలే తీరు మీద కూడా అంతే ఆధారపడుతుంది.

పై సెట్టు అంగిలినంతా కప్పి, మధ్యనుండే పలుచని లాలాజలపు పొర వల్ల గట్టిగా పట్టుకుని ఉంటుంది. కింది సెట్టుకు ఆ వసతి లేదు. దానికి ఆనుకోవడానికి దొరికే చోటు పైదానితో పోలిస్తే సుమారు సగమే. పైగా మాట్లాడినా మింగినా నాలుక దాన్ని కదుపుతూనే ఉంటుంది. నోరు ఎండిపోయేవారికి, అంటే మధుమేహం ఉన్నవారికి, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారికి, పై సెట్టు కూడా వదులుగా అనిపించవచ్చు. సహజమైన పళ్లతో పోలిస్తే పూర్తి సెట్టుతో నమిలే బలం నాలుగో వంతుకు మించదు. ఈ సంగతి ముందే తెలిసినవారు, కొత్త పళ్లు వచ్చాయి కదా అని మొదటి వారంలోనే జంతికలు కొరికి నిరాశపడరు.

నమలడం మళ్లీ కొత్తగా నేర్చుకోవలసిందే. పూర్వం మనకు తెలియకుండానే ఒక పక్కన నమిలేవాళ్లం. సెట్టుతో అలా చేస్తే రెండో పక్క లేచిపోతుంది. చిన్న ముద్దను నాలుకతో రెండు భాగాలు చేసి, కుడి ఎడమల దవడపళ్ల మీద ఒకేసారి ఉంచి, నెమ్మదిగా పైకీ కిందికీ నమలాలి. ముందు పళ్లతో కొరికి లాగడం పూర్తిగా మానుకోవాలి. జామపండైనా, గారె అయినా చేత్తో తుంచి నోటి పక్కకు పెట్టుకోవాలి. పెళ్లి భోజనాల్లో దీనికి సిగ్గుపడనక్కర్లేదు. మా ఆడపడుచు ఇంట్లో శుభకార్యమైతే వడ్డనకు ముందే వచ్చి, "వదినా, నీ గారెలు పులుసులో నానేసి ఉంచాను, గట్టివి ముట్టుకోకు" అని చెబుతుంది. నానిన గారె రుచి దానికదే వేరు, అది సర్దుబాటు అని నాకెప్పుడూ అనిపించలేదు.

అసలు సౌఖ్యం కత్తిపీట దగ్గరే మొదలవుతుంది. పీచు ఉన్న ప్రతిదాన్నీ పీచుకు అడ్డంగా తరగాలి. నిలువుగా తరిగిన నాటుకోడి ముక్కలో పొడుగాటి పోగులు సెట్టు కింద చిక్కుకుని ఎంత నమిలినా తెగవు, అదే ముక్కను అడ్డంగా సన్నగా కోసి, మామూలు కంటే ఎక్కువసేపు ఉడికిస్తే సులువుగా విడిపోతుంది. ఉడికించిన తాటి తేగలను కూడా నేను ఇలాగే తింటున్నాను. పైపొట్టు తీసి, నడుమనున్న పీచు లాగేసి, అడ్డంగా పలుచని బిళ్లలుగా కోస్తే, కట్టుడు పళ్లవారికి అవి అందవనుకోనక్కర్లేదు. ములక్కాడను లోపలి గుజ్జు చెంచాతో గీరి అన్నంలో కలుపుకోవాలి. మొక్కజొన్న పొత్తును ఉడికించి గింజలు చాకుతో ఒలుచుకోవాలి. పనసపొట్టు ఆవకూర మాత్రం మన వంటకాల్లో కట్టుడు పళ్లకు బాగా అనువైనది, పొట్టు ఎలాగూ సన్నగా కొట్టి ఉడికించినదే కదా. చెరకు నేను పూర్తిగా వదిలేశాను. పలాస జీడిపప్పును గుళ్లుగా కాకుండా నానబెట్టి రుబ్బి కూరలో వేస్తున్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. కష్టంగా ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ పోతే చివరకు ఇడ్లీ, పెరుగన్నం, పాలలో ముంచిన బిస్కెట్లు మాత్రమే మిగులుతాయి. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు అలా తిని నీరసపడ్డారు. పళ్లు పోయినవారిలో కూరగాయలు, మాంసకృత్తులు తగ్గిపోవడం దంతవైద్యులు తరచూ చూసే విషయం. చోడి అంబలి, ఉలవచారు, మెత్తగా ఉడికిన పెసరపప్పు, గుడ్డు, సన్నగా తరిగి మగ్గించిన తోటకూర రోజులో ఏదో ఒక పూట తప్పకుండా ఉండాలి.

చేపల విషయంలో అందరూ జాగ్రత్తగా ఉండాలి, ముఖ్యంగా మన తీరప్రాంతం వారు. ముల్లు నోట్లో ఎక్కడుందో మామూలుగా నాలుకా అంగిలీ కలిసి కనిపెడతాయి. అంగిలి మీద సెట్టు ఉంటే సన్నని ముల్లు తగిలినట్టే తెలియదు, నేరుగా గొంతులోకి జారిపోతుంది. కట్టుడు పళ్లవారికి ముల్లు గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ అనడానికి కారణం ఇదే. నేను వంజరం, చందువ మాత్రమే తింటాను, అదీ పళ్లెంలో వెలుతురు పడేలా కూర్చుని, ప్రతి ముక్కనూ వేళ్లతో నలిపి చూసుకున్న తర్వాతే. చేప తినేటప్పుడు మాటలు వద్దు. పులుసులో కలిపిన అన్నం ముద్దలో చేప ముక్క కలిపేయడం కూడా మంచిది కాదు. ముక్క వేరుగా, అన్నం వేరుగా తినాలి.

అంటుకునేవి, గింజలున్నవి మరో తంటా. భీమాలి మామిడి తాండ్ర నాకు ప్రాణం. పెద్ద ముక్క నోట్లో పెడితే పై సెట్టునే ఊడదీస్తుంది కనుక గోరంత ముక్కను నాలుక మీద కరిగేదాకా ఉంచుకుంటాను. పోకుండలు కూడా ఇలాగే చిన్న చిన్నగా తుంచుకోవాలి. నువ్వుల చిమ్మిలి తిన్నప్పుడు ఒక్క నువ్వుగింజ కింది సెట్టు అడుగున చేరితే చెప్పులోని రాయిలా నొక్కుతుంది, తీసి కడిగేదాకా ముద్ద దిగదు. వేడి కాఫీని పెదవులతో చూశాకే తాగాలి, అంగిలికి వేడి తెలియక గొంతు కాలుతుంది. మొదట్లో రుచి మందగించినట్టు అనిపించి చాలామంది ఉప్పు పెంచుతారు. అది అవసరం లేదు. రుచిమొగ్గలు ఎక్కువగా నాలుక మీదే ఉంటాయి, నోరు అలవాటు పడ్డాక ఆ లోటు చాలావరకు తీరుతుంది.

సెట్టు కదలకుండా చిగుళ్లకు పట్టి ఉంచే జిగురు గురించి చాలామంది అడుగుతారు. పొడి రూపంలోనూ ముద్ద రూపంలోనూ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. నేను రెండూ వాడాను, ఊరు ప్రయాణానికీ విందు భోజనానికీ పొడి చాలు. శుభ్రం చేసిన సెట్టు మీద పలుచగా చల్లాలి, మందంగా వేస్తే గొంతులోకి జారి వికారం పుడుతుంది. కొనేముందు జింకు లేనిదేనా అని పెట్టె మీద చదవండి. జింకు ఉన్న జిగురును ఏళ్ల తరబడి అతిగా వాడినవారిలో నరాల జబ్బులు బయటపడడంతో, 2010లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ అలాంటి రకాల తయారీని ఆపివేసింది. రోజూ జిగురు లేనిదే నిలవని సెట్టుకు కావలసింది జిగురు కాదు, వైద్యుడి చేత మళ్లీ కొలత.

రాత్రి పడుకునే ముందు సెట్టు తీసి, మెత్తని బ్రష్షుతో సబ్బునీళ్లతో తోమి, మామూలు నీళ్లలో వేసి ఉంచుతాను. టూత్‌పేస్టు దాని మీద గీతలు పెడుతుంది, మరిగిన నీళ్లు దాని ఆకారాన్ని వంచేస్తాయి. నిద్రలో కూడా తీయనివారికి అంగిలి ఎర్రబడి పుళ్లు పడతాయి, శిలీంధ్రం దానికి తరచూ తోడవుతుంది. సెట్టు తీసినప్పుడు అంగిలిని అద్దంలో చూసుకోవడం మన జిల్లాల వారికి మరీ అవసరం. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే అలవాటు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముసలివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఇంకా ఉంది. అంగిలి క్యాన్సర్‌కు అది తెలిసిన కారణం. అలాంటివారికి అంగిట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ కనబడితే, సెట్టు ఒరుసుకుందనుకుని ఊరుకోకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి.

పళ్లు తీసేశాక దవడ ఎముక అరిగిపోతూనే ఉంటుంది. కింది దవడలో ఈ అరుగుదల పైదానికంటే ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. బాగా కుదిరిన సెట్టు కొన్నేళ్లకు వదులవడానికి కారణం ఇదే, అది చేసినవారి లోపం కానక్కర్లేదు. నా కింది సెట్టుకు లోపలి వైపు కొత్త పూత వేయించి చిగుళ్లకు సరిపోయేలా చేయించాక మళ్లీ కొంతకాలం పప్పన్నం దగ్గర నుంచి నాటుకోడి దాకా నిశ్చింతగా తిన్నాను. ఇప్పుడు మళ్లీ కదులుతోంది. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే మరల్లాంటి కృత్రిమ పంటి వేర్లు, వేసి వాటికి సెట్టును తగిలించడమే పళ్లన్నీ పోయినవారికి మొదట సూచించదగిన చికిత్స అని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తేల్చారు. ఖర్చు ఎక్కువ కాబట్టి అది అందరికీ వీలుకాదు, చక్కెర అదుపులో లేనివారికి పుండు మానడం కూడా ఆలస్యమవుతుంది. నాకు ఎముక ఇంకా చాలినంత ఉందని వైద్యుడు చెప్పారు. పిల్లలు పట్టుబట్టడంతో సంక్రాంతి దాటాక వేయించుకోవడానికి ఒప్పుకున్నాను. పై సెట్టును మాత్రం మార్చడం లేదు.