ఏఎస్‌ఆర్‌ఎస్ ఆరు ప్రశ్నల కాగితం: అవగాహన శిబిరం బల్ల మీద ఎంతవరకు పనికొస్తుంది?

అక్టోబరు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే సమస్య) అవగాహన మాసం. కాలేజీల్లో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాళ్లలో బల్ల వేసే వలంటీర్లు ఒక్క కాగితమే పెట్టుకోగలిగితే అది పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ ఉండొచ్చేమో చూసే ఏఎస్‌ఆర్‌ఎస్ 1.1 ప్రశ్నావళి మొదటి భాగం కావాలన్నది మా అభిప్రాయం. అయితే దాన్ని వాడే పద్ధతి తెలియకపోతే మేలు కన్నా గందరగోళమే ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి నిపుణులు తయారుచేసిన ఈ ప్రశ్నావళి 18 ఏళ్లు దాటినవారికి. ఉచితంగా దొరుకుతుంది. మొత్తం 18 ప్రశ్నలున్నా శిబిరానికి కావలసినవి మొదటి ఆరే. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మొదటి నాలుగు ప్రశ్నలు పని చివర్లో మిగిలిన చిన్న చిన్న ముక్కలు పూర్తిచేయలేకపోవడం, పనులు ఒక వరసలో పెట్టుకోలేకపోవడం, ఇచ్చిన మాటా వెళ్లాల్సిన చోటూ మర్చిపోవడం, బుర్ర పెట్టాల్సిన పనిని వాయిదా వేయడం గురించి. మిగతా రెండూ కుదురుగా కూర్చోలేకపోవడం, ఒంట్లో మోటారు తిరుగుతున్నట్టు ఉండటం గురించి. అన్నీ గత ఆరు నెలలకు సంబంధించినవే.

లెక్కలోనే చాలామంది తప్పుతారు. మొదటి మూడు ప్రశ్నలకు ‘అప్పుడప్పుడు’ అన్నా లెక్కలోకి వస్తుంది. తర్వాతి మూడింటికి ‘తరచుగా’ అంటేనే వస్తుంది. ఆరింటిలో నాలుగు, అంతకు మించి వస్తే డాక్టరును కలవమని చెప్పాలి. ఈ తేడాను ఫారంలో ముదురు గడులతో చూపించారు. జెరాక్సు మీద జెరాక్సు తీసేసరికి ముదురు గడులూ మామూలు గడులూ ఒకేలా కనిపిస్తాయి. వలంటీరు తోచిన చోట లెక్కపెట్టేస్తాడు. అందుకే అసలు ఫైలు నుంచే ప్రింటు తీయించండి. లెక్కలోకి వచ్చే గడుల చుట్టూ వలంటీరు దగ్గరుండే ప్రతిలో మాత్రం స్కెచ్ పెన్నుతో గీత గీసుకోండి. నింపేవాళ్ల కాగితం మీద గీస్తే జవాబులు అటే జరుగుతాయి.

తెలుగులో చదివి వినిపించేటప్పుడు ఇంకో చిక్కు. ‘అరుదుగా’, ‘అప్పుడప్పుడు’ అనే మాటలను జనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. మొదటి మూడు ప్రశ్నల్లో గీత సరిగ్గా ఆ రెంటి మధ్యే ఉంది. కాబట్టి ముందే ఐదు జవాబులూ వరసగా చదవండి: ఎప్పుడూ లేదు, అరుదుగా (అంటే ఎప్పుడో ఒకసారి), అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా. మొదటి ప్రశ్నలో ‘ప్రాజెక్టు’ అన్న మాట దగ్గర ఇల్లు చూసుకునేవాళ్లు ‘మాకు అలాంటివేం లేవు’ అని ఊరుకుంటారు. ప్రశ్న మాత్రం మార్చకుండా, పెళ్లి పనులో ఇంటి రిపేరో ఉదాహరణగా నోటితో చెబితే చాలు.

కాగితం పరిమితి కూడా స్పష్టంగా చెప్పాలి. 2005లో అమెరికాలో 154 మందితో చేసిన పరీక్షలో ఈ ఆరు ప్రశ్నలు ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 68.7 శాతం మందిని పట్టుకున్నాయి. అంటే మిగిలినవారు జారిపోయారు. ‘మీకేం లేదు’ అని పంపించే అధికారం ఈ కాగితానికి లేదు, వలంటీరుకూ లేదు. అటువైపు నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, థైరాయిడ్ సమస్యల్లోనూ ఇవే జవాబులు వస్తాయి. డాక్టరు అడిగేవి ఇంకా చాలా ఉంటాయి. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ పనిచోటా రెండు చోట్లా ఉన్నాయా అన్నవి ఈ ఆరింటిలో లేనే లేవు. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులుంటే తీసుకెళ్లమని చెప్పడం మర్చిపోవద్దు, డాక్టరుకు అవి నిజంగా పనికొస్తాయి.

మేం ఎక్కువగా పట్టుబట్టేది గోప్యత గురించి. భార్య నింపుతుంటే భర్త పక్కనుంచి జవాబులు చెప్పడం, కాలేజీలో స్నేహితులు గుమిగూడి ‘నీకు ఎన్ని వచ్చాయి?’ అనడం ప్రతి శిబిరంలోనూ చూస్తాం. కుర్చీ గోడవైపు తిప్పి వేయండి. పేరు, ఫోను నంబరు రాయించొద్దు. నింపిన కాగితం వాళ్ల చేతికే ఇచ్చేయండి, వెనకవైపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో ఉండాలి. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు. మందుల పేర్లు మాత్రం ఎవరడిగినా చెప్పొద్దు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్నది, అది డాక్టరు మాట్లాడాల్సిన విషయం.

పిల్లల గురించి అడిగే తల్లిదండ్రులే ఎక్కువగా వస్తారు. వాళ్లకు ఈ కాగితం ఇవ్వకండి. 6 నుంచి 12 ఏళ్ల వారికి వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి వేరే ఉంది. తల్లిదండ్రులకు 55 ప్రశ్నలు, టీచరుకు 43. ఇద్దరూ నింపి పిల్లల డాక్టరుకో మానసిక వైద్యులకో ఇవ్వాల్సినది కాబట్టి బల్ల దగ్గర నిలబడి చేసే పని కాదు. ‘టీచరుతో ఒకసారి మాట్లాడి, ఆమె గమనించినవి రాయించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి’ అని చెప్పి పంపండి.