వార్‌స్పైట్ చూపిస్తామన్నారు, సీళ్లు చూపించారు

ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. పెన్జాన్స్ రేవులో ‘యుద్ధనౌక శిథిలాల విహారం’ అన్న బోర్డు కనిపిస్తే చూడనట్టే సాగిపోండి. మనిషికి 38 పౌన్లు, మా నలుగురికీ కలిపి 152. మన రూపాయల్లో పదిహేడు వేలు దాటింది. ఆ డబ్బుకు మాకు కనిపించినవి రాళ్లమీద ఎండ కాగుతున్న మూడు సీల్ జంతువులు, ఒక నల్లటి కొండచరియ, ఒడ్డు చేరేదాకా పడవ అంచు వదలని మా బావమరిది.

ప్రష్యా కోవ్ అనే చిన్న అఖాతం ఎదురుగా ఇంజను ఆపి, పడవ నడిపే కుర్రాడు నీళ్లకేసి చెయ్యి చూపించాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోరాడిన బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్ సరిగ్గా ఇక్కడే అడుగున ఉందట, జర్మన్లు ముంచేశారట. ఈ మాట ఇంకెవరి ముందు అన్నా చెల్లిపోయేదే. మా మామయ్యగారు విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన మనిషి. ఈ ప్రయాణంలో ఆయన కోరిన చోటు ఇదొక్కటే. మెల్లగా లేచి నిలబడి, “జర్మన్లు ముంచలేదు నాయనా, మీవాళ్లే తుక్కు కింద అమ్మేశారు” అన్నారు. కుర్రాడు నవ్వి సీళ్లను చూపించాడు. మా ఆవిడ “నాన్నా, కూర్చోండి, పడిపోతారు” అంటోంది కానీ, వినేదెవరు?

నిజంగానే అక్కడ చూడటానికి ఏమీ లేదు. 1947 ఏప్రిల్‌లో ఈ నౌకను పోర్ట్స్‌మత్ నుంచి స్కాట్లండ్‌లోని ఫాస్లేన్‌కు, ముక్కలు చేయడానికి టగ్గులతో లాక్కుపోతున్నారు. దారిలో తుఫాను వచ్చి తాళ్లు తెగాయి. మౌంట్స్ బేలో లంగరు వేస్తే అదీ నిలవలేదు. 23వ తేదీన కొట్టుకొచ్చి ప్రష్యా కోవ్ రాళ్లమీద ఎక్కి కూర్చుంది. లోపలున్న కొద్దిమందిని పెన్‌లీ లైఫ్‌బోటు ఆ అలల్లోనే వెళ్లి దింపుకొచ్చింది. లైఫ్‌బోటు నడిపిన ఎడ్విన్ మాడ్రన్‌కు వెండి పతకం ఇచ్చారు. 1950లో ఓడను తేల్చి ఒడ్డు వెంబడి మరాజియన్ అనే ఊరి వైపు లాగి, అక్కడ ఏళ్ల తరబడి కోశారు. ప్రష్యా కోవ్ అడుగున యుద్ధనౌక ఉందని టికెట్టు అమ్మడమంటే ఖాళీ చేసిన ఇంటికి అద్దె వసూలు చేయడమే.

డబ్బు వెనక్కి ఇమ్మని రాశాను. వచ్చే వేసవిలో మళ్లీ వస్తే పది శాతం తగ్గిస్తామని జవాబు వచ్చింది. దానికి మామయ్యగారు తిరుగు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు, నౌక చరిత్ర మొత్తంతో సహా. నాకు చూపించేసరికి 1943 దాకా వచ్చారు.

ఆ చరిత్ర కూడా అలాంటిదే మరి. డెవన్‌పోర్టులో కట్టి 1915లో నౌకాదళంలోకి తీసుకున్నారు. 15 అంగుళాల ఫిరంగులు ఎనిమిది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 మే 31న జట్లాండ్ దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో చుక్కాని బిగుసుకుపోయి, జర్మన్ నౌకలు గురిపెట్టి ఉండగా ఉన్నచోటే రెండు చుట్లు తిరిగింది. శత్రువు గుండ్లు దానిమీదికి మళ్లడంతో పక్కనే చితికిపోయి ఉన్న వారియర్ అనే క్రూయిజర్ తప్పుకోగలిగింది. 1940 ఏప్రిల్‌లో నార్వేలోని నార్విక్ దగ్గర కొండల మధ్య ఇరుకైన సముద్రపు పాయలోకి (ఫియర్డ్) చొరబడింది. దాని మీదినుంచి లేచిన చిన్న విమానం యు-64 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది. ఆ జూలైలో ఇటలీ నౌక జూలియో చేజరేను దాదాపు 24 కిలోమీటర్ల దూరంనుంచి కొట్టింది. కదిలే ఓడమీదినుంచి కదిలే ఓడను అంత దూరంలో కొట్టడం ఇప్పటికీ రికార్డుల్లో చెప్పుకునే సంగతి. 1941 మార్చిలో గ్రీసులోని మటపాన్ అగ్రం దగ్గర, దెబ్బతిని ఆగిపోయిన పోలా అనే ఇటలీ నౌకను ఆదుకోవడానికి వచ్చిన జారా, ఫ్యూమే క్రూయిజర్లను చీకట్లో, నాలుగు కిలోమీటర్లలోపు నుంచి, మరో రెండు యుద్ధనౌకలతో కలిసి నిమిషాల్లో చితక్కొట్టింది. ఆ రాత్రి ఇటలీవాళ్లు రెండువేల మందికి పైగా పోయారు. ఈ భాగం చెప్పేటప్పుడు మామయ్యగారి గొంతులో ఉత్సాహం తగ్గుతుంది.

1942 ఏప్రిల్ దగ్గరకొస్తే ఆయనకు కోపం. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ తూర్పు నౌకాదళానికి పతాకనౌక ఈ వార్‌స్పైటే. దళాధిపతి అడ్మిరల్ సోమర్‌విల్ దానిమీదే ఉన్నాడు. ఆయనకు మాల్దీవుల్లో అడ్డూ అటాల్ అనే రహస్య స్థావరం ఉండేది. జపాన్‌కు విమానవాహక నౌకలు ఎక్కువ, పగటిపూట ఎదురుపడితే మిగిలేది లేదు. కాబట్టి దొరకకుండా తిరిగాడు. అంతకుముందు రోజే సిలోన్‌కు దక్షిణంగా రెండు బ్రిటిష్ క్రూయిజర్లు మునిగాయి. వాటిలో ఒకదాని పేరు కార్న్‌వాల్! “మా అమ్మ మా పెద్దన్నయ్యను చంకనేసుకొని, బండి కట్టించుకొని విజయనగరం వైపు పరిగెత్తింది అల్లుడుగారూ. ఈ మహాతల్లి అప్పుడెక్కడుంది?” అని పడవలోనే అడిగారు. వ్యూహపరంగా సోమర్‌విల్ చేసింది సరైనదేనని నా అభిప్రాయం. మామయ్యగారి ముందు అనలేదు.

పెన్జాన్స్‌లో గది రాత్రికి 112 పౌన్లు, అలాంటివి రెండు. ‘సముద్రం కనిపించే గది’ అని రాశారు. స్నానాల గది కిటికీ తెరిచి, పక్కకు వంగితే కనిపిస్తుంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఉదయం ఫలహారంలో శాకాహారికి ఉడికించిన చిక్కుడు గింజలు, కాల్చిన టమాటా సగం ముక్క. అంతకంటే రాయడం దండగ.

లండన్ సాఫీగా గడిచింది. ఇంపీరియల్ వార్ మ్యూజియం ముందున్న రెండు ఫిరంగులు మాత్రం తప్పక చూడండి, ప్రవేశం ఉచితం. అవీ 15 అంగుళాలవే, రామిలీస్, రిజల్యూషన్ నౌకలవి. ఒక్కొక్కటి 100 టన్నులు. గుండు ఒక్కటే 870 కిలోలకు పైగా. మామయ్యగారు గొట్టం మూతి కింద నిలబడి లోపలి గాడులను తలెత్తి చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. మరాజియన్ వచ్చాక వార్‌స్పైట్ ఎంతటిదో ఊహకు అందిందంటే ఆ గొట్టాలను చూసి రావడంవల్లే.

మరాజియన్‌లో సముద్రపు గోడ దగ్గర ఈ నౌక జ్ఞాపకార్థం ఒక రాయి నిలబెట్టారు. టికెట్టు లేదు, పడవ అక్కర్లేదు. పెన్జాన్స్ నుంచి బస్సుకు మనిషికి 3 పౌన్లు. ఎదురుగా సెయింట్ మైకేల్స్ మౌంట్ అనే కొండ దీవి. ఆటు సమయంలో రాళ్లబాట మీద నడిచి వెళ్లిరావచ్చు, వేళలు ముందే చూసుకోండి. రాయి దగ్గర మామయ్యగారు లెక్క తీశారు: ఇలాంటి పెద్ద ఫిరంగుల యుద్ధనౌకలను (బాటిల్‌షిప్‌లను) అమెరికా ఎనిమిదింటిని ప్రదర్శనశాలలుగా నిలుపుకుంది, బ్రిటన్ ఒక్కటీ మిగుల్చుకోలేదు. లండన్‌లో థేమ్స్ నదిలో ఉన్న బెల్‌ఫాస్ట్ అంతకంటే చిన్నదైన క్రూయిజర్. ఇటలీలోని సలెర్నో దగ్గర 1943 సెప్టెంబరులో జర్మన్ల గైడెడ్ బాంబు అడుగుదాకా చీల్చుకుపోయినా, మరుసటి జూన్‌లో ఒక ఫిరంగి బురుజు (టర్రెట్) పనిచేయకుండానే ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన్ని కొట్టిన ఓడ ఇది. మా బావమరిది ఊరుకోకుండా, “మనం మాత్రం పాత విక్రాంత్‌ను ముంబైలో తుక్కుకు అమ్మలేదా నాన్నా?” అన్నాడు. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని ఉంచాం కదా అని ఆయన జవాబు. ఆ తర్వాత బస్సు వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఇద్దరినీ కలిపింది పేస్టీ. కార్న్‌వాల్ పేస్టీ అంటే మాంసమే అనుకొని మా ఆవిడ పస్తుకు సిద్ధపడి ఉంది. మరాజియన్‌లో ఒక చిన్న దుకాణంలో జున్ను, ఉల్లిపాయ, బంగాళాదుంప పెట్టినది 5 పౌన్ల 20 పెన్నీలకు దొరికింది. అంచు మెలికలు తిప్పి మూసిన మన కజ్జికాయకు పెద్దన్నయ్య. విరవగానే మిరియాల వాసనతో ఆవిరి. మొత్తం ప్రయాణంలో ఇచ్చిన డబ్బుకు పూర్తి విలువ దక్కిన తిండి అదే. దుకాణం పెద్దావిడ చిన్నప్పుడు ఒడ్డున ఓడను కోస్తుంటే చూశానని, నిప్పురవ్వలు రాత్రిపూట కూడా కనిపించేవని చెప్పింది. మామయ్యగారు రెండో పేస్టీ తీసుకొని ఆమె దగ్గరే కూర్చుండిపోయారు.

ప్రష్యా కోవ్‌కు వెళ్లాలంటే నేలమీదుగానే వెళ్లండి. మేము మర్నాడు అలాగే వెళ్లాం. రోసడ్జన్ దగ్గర బస్సు దిగి సందుదారిలో నడవాలి. పెద్దవాళ్లుంటే టాక్సీ తీసుకోండి. పెన్జాన్స్ నుంచి మాకు 24 పౌన్లైంది. తిరుగు ప్రయాణానికి అదే మనిషితో వేళ మాట్లాడుకోండి, కింద ఫోను సిగ్నల్ అందలేదు. అది 18వ శతాబ్దంలో జాన్ కార్టర్ అనే స్మగ్లర్ ఏలిన చోటు, బండిచక్రాలు అరగదీసిన గాడులు ఇప్పటికీ రాతిలో ఉన్నాయి. ఆ సీళ్లు కూడా అక్కడే ఉన్నాయి, ఒడ్డునుంచి ఇంకా దగ్గరగా కనిపిస్తాయి, పైసా ఖర్చు లేకుండా.