క్రాకోవ్ ఊరు చూడటం, తిరగడం: ఇక్కడే ఉంటున్న నా అనుభవంతో

ఉద్యోగం కోసం వచ్చి కొన్నేళ్లుగా పోలండ్‌లోని క్రాకోవ్‌లోనే ఉంటున్నాను. మనవాళ్లు ఎవరొచ్చినా ఊరు చూపించేది నేనే. చాలామంది ఒకే ప్లాన్‌తో దిగుతారు: పొద్దున ఆష్విట్జ్ (ఒకప్పటి నాజీల మరణ శిబిరం, ఇప్పుడు మ్యూజియం), మధ్యాహ్నం వియెలిచ్కా ఉప్పు గని, మిగిలిన సాయంత్రం ఊరు. దయచేసి అలా పెట్టుకోకండి. ఆష్విట్జ్ చూశాక ఆ రోజు ఇంకో చోటికి వెళ్లాలనిపించదు. అది ఊరికి 70 కిలోమీటర్ల దూరం. ప్రవేశం ఉచితమే కానీ మ్యూజియం సైట్‌లో ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. సీజన్‌లో త్వరగా నిండిపోతుంది కాబట్టి విమానం టికెట్లతో పాటే ఈ పని కూడా చేసేయండి. పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

పాత ఊరికి మాత్రం నడకే. 1257లో గీసిన ప్లాన్ ప్రకారం కట్టిన రీనెక్ కూడలి ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు ఉంటుంది. దాని చుట్టూ వీధులు, వాటి చుట్టూ ప్లాంటీ పార్కు. ఒకప్పటి కోటగోడల స్థానంలో పెంచిన చెట్లవి. దారి తప్పినా కాసేపట్లో ప్లాంటీకో రీనెక్‌కో చేరతారు, టెన్షన్ అక్కర్లేదు. మరియాట్స్కి చర్చి బురుజు మీద ప్రతి గంటకూ బాకా ఊదుతారు, రాగం మధ్యలోనే ఆపేస్తారు. అది విని, బయట ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. లోపల వైట్ ష్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 వరకు చెక్కిన, తలుపుల్లాంటి రెక్కలున్న చెక్క బలిపీఠం ఉంది. ఊళ్లో ఒక్క టికెట్టే కొంటానంటే దీనికే కొనమంటాను. దాని రెక్కలు తెరిచి ఉండే వేళ కనుక్కుని వెళ్లండి. వావెల్ కోటలో ఒక్కో ప్రదర్శనకు ఒక్కో టికెట్. అన్నీ చూడాలని పెట్టుకుంటే అలసిపోతారు, ప్రాంగణంలోకి వెళ్లడం ఉచితమే.

ట్రామ్‌లు బాగుంటాయి, వేళకు వస్తాయి. టికెట్ దూరాన్ని బట్టి కాదు, నిమిషాలను బట్టి. అదే టికెట్ బస్సుకూ చెల్లుతుంది. కాగితం టికెట్ కొంటే ఎక్కగానే మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. జేబులో టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే ఫైనే, తనిఖీ చేసేవాళ్లు మామూలు బట్టల్లో ఉంటారు. ఫోన్‌లో యాక్‌దోయాదే యాప్ ఉంటే దారీ, టికెట్టూ రెండూ అందులోనే దొరుకుతాయి.

ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ అవసరం లేదు, రైల్లో ఇరవై నిమిషాల్లో మెయిన్ స్టేషన్‌కు చేరొచ్చు. అదే లైన్ ముందుకు వెళ్లి వియెలిచ్కాలో ఉప్పు గని దగ్గర ఆగుతుంది. గనిలో మొదటే దాదాపు 380 మెట్లు దిగాలి, మొత్తం కలిపి 800 దాకా ఉంటాయి. పైకి రావడానికి లిఫ్ట్ ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లే ముందు ఆలోచించండి. లోపల ఎండాకాలంలో కూడా 17, 18 డిగ్రీలే, స్వెటర్ ఉండాలి.

టూరిస్టులు తక్కువగా చూసేది, నాకు బాగా ఇష్టమైనది నది అవతలి పోద్గూజె. పాత యూదుల పేట కజిమియెష్ నుంచి బెర్నాత్కా కాలిబాట వంతెన దాటితే చాలు. యుద్ధకాలంలో నాజీలు యూదులను బంధించి ఉంచిన పేట (ఘెట్టో) ఇక్కడే. ఘెట్టో వీరుల కూడలిలో వారి గుర్తుగా పెట్టిన ఖాళీ లోహపు కుర్చీల దగ్గర కాసేపు ఆగండి. నాజీల కాలంలో తన యూదు కార్మికులను కాపాడిన షిండ్లర్ ఫ్యాక్టరీలోని మ్యూజియం అక్కడికి నడిచే దూరమే, దానికీ ముందే బుకింగ్ కావాలి. సాయంత్రం క్రాకుస్ దిబ్బ ఎక్కండి. టికెట్ లేదు, ఊరంతా కనిపిస్తుంది.

శాకాహారులకు బార్ మ్లెచ్నీ అనే చవక క్యాంటీన్లు మంచి దిక్కు. పియెరోగి రుస్కియె (మన కజ్జికాయల ఆకారంలో ఉడికించినవి) లోపల బంగాళాదుంప, చీజే ఉంటాయి కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. "బెజ్ స్క్వారెక్" అంటే అవి వేయరు.

డబ్బు యూరోలు కాదు, జ్లోటీలు. ఏటీఎం "మీ కరెన్సీలో మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, ఆ రేటు నష్టం. ఆదివారాలు చాలావరకు షాపులు మూసేస్తారు, కావలసినవి శనివారమే కొనుక్కోండి. డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, కొన్ని రోజులు గాలిలో కాలుష్యం కూడా ఎక్కువ. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు నేను మే నెల గానీ సెప్టెంబర్ గానీ చెబుతాను.