టైమర్ స్విచ్: స్ప్రింగుదా, గడియారం ఉన్నదా? ఏది మేలు?

మామూలు లైటు స్విచ్ తీసేసి టైమర్ పెట్టించాలనుకునేవారు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఇంట్లో మరచిపోతున్నది ఆర్పడమా, వెయ్యడమా? ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఆర్పడమే అయితే నా ఓటు స్ప్రింగు టైమర్‌కే. గుండ్రటి మీటను పది నిమిషాలకో అరగంటకో తిప్పి వదిలితే, లోపలి స్ప్రింగు మెల్లగా విడుతూ వచ్చి చివరికి కరెంటును ఆపేస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, నేర్చుకోవలసిందేమీ లేదు, పిల్లలూ పెద్దలూ ఒక్కసారి చూస్తే చాలు. స్నానాల గదిలో తేమను బయటికి పంపే ఫ్యానుకు ఇంతకన్నా తగినది లేదు. కానీ అదే గదిలో లైటుకు మాత్రం పెట్టకండి. ఒంటిమీద సబ్బు ఉండగా చీకటి కమ్మితే, తడి నేల మీద కాలు జారే ప్రమాదం ఉంది. టిక్కుటిక్కుమనే చప్పుడు కూడా ఉంటుంది కనుక పడకగదికి పనికిరాదు.

వెయ్యడం మరచిపోయేవారికి, ఊరెళ్లినప్పుడు వరండా దీపం వెలగాలనుకునేవారికి గడియారం ఉన్న డిజిటల్ టైమర్ కావాలి. సాయంత్రం ఆరున్నరకు వెలిగి, ఉదయం ఆరింటికి ఆరేలా ఒకసారి అమర్చితే సరి. అయితే పొద్దు గుంకే వేళ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. కొన్ని వారాలకొకసారి సమయం మార్చే ఓపిక లేకపోతే, ఉన్న చోటు, తేదీ చెబితే సూర్యాస్తమయాన్ని తానే లెక్కగట్టుకునే రకం తీసుకోండి. కరెంటు పోయినప్పుడు గడియారం ఆగకుండా లోపల బ్యాటరీ ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే సరఫరా పోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవాలి.

అసలు చిక్కు బోర్డు వెనుక ఉంటుంది. మామూలు స్విచ్‌కు రెండు తీగలు చాలు: కరెంటును తెచ్చే ఫేజు, లైటుకు వెళ్లే తీగ. డిజిటల్ టైమర్ తానూ కరెంటుతోనే నడవాలి కాబట్టి చాలావాటికి కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ కూడా కావాలి. అదే బోర్డులో ప్లగ్గు పెట్టే సాకెట్ ఉంటే న్యూట్రల్ అక్కడ ఉన్నట్టే. స్విచ్ ఒక్కటే ఉన్న పెట్టెలో తరచూ ఉండదు. న్యూట్రల్ అడగని డిజిటల్ రకాలూ ఉన్నాయి కానీ, అవి ఆరిన బల్బు గుండానే కాస్త కరెంటు లాక్కుంటాయి. అందువల్ల ఎల్‌ఈడీ బల్బు ఆర్పాక కూడా మినుకుమినుకుమనవచ్చు. స్ప్రింగు టైమర్‌కు ఈ బెడద లేదు. నేను దాని వైపు మొగ్గడానికి ఇదే పెద్ద కారణం.

బిల్లు తగ్గుతుందన్న ఆశతోనే కొనేటట్లయితే లెక్క వేసుకోండి. పది వాట్ల ఎల్‌ఈడీ రోజూ పది గంటలు వృథాగా వెలిగినా నెలకు మూడు యూనిట్లే. రెండు వేల వాట్ల గీజరు ఒక్క గంట ఆగకుండా నీళ్లు కాస్తే రెండు యూనిట్లు. అంటే టైమర్ అవసరం లైటుకన్నా గీజరుకే ఎక్కువ. కానీ లైటు కోసం చేసిన టైమర్ అంత భారం మోయలేదు. దానికి 16 ఆంపియర్లది వేరే తీసుకోవాలి.

మెట్ల దగ్గర కిందా పైనా రెండు స్విచ్‌లతో నడిచే లైటు ఉంటే, మామూలు టైమర్ అక్కడ కుదరదు. అలాంటి అమరికకు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్నదే కొనాలి.

ఏది కొన్నా, బిగించే ముందు లైటు ఆర్పితే సరిపోదు. స్విచ్ ఆపినా దాని ఒక కొసలో ఫేజు ఉంటుంది. మెయిన్ ఆపి, టెస్టర్‌తో ప్రతి తీగనూ చూశాకే చెయ్యి పెట్టాలి. తీగల రంగులను బట్టి ఏది ఏదో తేల్చుకోలేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.